పేపర్లో మూడు వరుసల వార్త

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా భద్రాచలంలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఏటా ఈ రోజున డి.ఆర్. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, జీవన ప్రమాణ పత్రాల గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు నాలుగు విజ్ఞానదాయకమైన మాటలు చెప్పండి" అన్నారు. "ఒక ఆర్థిక పాత్రికేయుడి గురించి చెబుతాను" అన్నాను. "భోజనాల ముందు అర్థశాస్త్రమా అండీ?" అని ఆయన కొంచెం కంగారుపడ్డారు. "కంగారు పడకండి, భోజనం గురించే చెబుతాను" అని హామీ ఇచ్చాను. ఆ హామీ నిలబెట్టుకునే ప్రయత్నం చేస్తాను.

నేను అర్థశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. 1972లో గుమాస్తాగా చేరి, 2008 జూన్ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. రెవెన్యూ శాఖలో పనిచేసిన మనందరికీ ఈ ఊళ్లో ఒక మూలపురుషుడున్నాడు. కంచర్ల గోపన్న గారు పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు సొమ్ముకు లెక్క చెప్పలేక గోల్కొండ చెరసాలకు వెళ్లారు. ఆయనకు రాముడు అండగా నిలిచాడు. మనకు అంత భక్తి లేదు గనుక లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ రోజు చెప్పబోయేది నేను సరిగా చూసుకోని ఒక లెక్క గురించి.

ముందుగా పాత్రికేయుడి సంగతి. 1970లలో ఉద్యోగం చేసినవారికి ఆర్థిక శాఖ జి.ఓ.ల కింద ఒక పేరు కనిపించేది గుర్తుండే ఉంటుంది. బి.పి.ఆర్. విఠల్ గారు. రాష్ట్ర ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేసి, తరువాత పదో ఆర్థిక సంఘంలో సభ్యులుగా ఉన్న పెద్దమనిషి. 2020లో కాలం చేశారు. జి.ఓ. రాగానే మనం ముందు డి.ఏ. శాతం, ఆ తరువాత సంతకం చూసేవాళ్లం. శాతం బాగుంటే సంతకం కూడా అందంగా కనిపించేది. ఆ విఠల్ గారి కుమారుడే శ్రీ సంజయ బారు. "ఆక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్" అనే పుస్తకం రాసినాయన అంటే మీ మనవలకు కూడా తెలుస్తుంది. 2019లో అది సినిమాగా వచ్చింది. అయితే ఆ పుస్తకం దగ్గరే ఆగిపోతే ఆయన చేసిన అసలు పని మనకు కనిపించదు.

సంజయ బారు గారు 1954లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కళాశాలలో, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. సుమారు పదేళ్ల పాటు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించారు. పంచదార పరిశ్రమలో ప్రభుత్వ జోక్యం గురించి ఆయన రాసిన పుస్తకం 1990లో వెలువడింది. లెవీ పంచదార, రేషను కార్డు, చాంతాడంత క్యూ ఇవన్నీ మనం చూసినవే. ఆ క్యూకు వెనక ఢిల్లీలో ఏ నిర్ణయాలుంటాయో పరిశోధించడం ఆయన తొలినాటి పని. అదే 1990లో విశ్వవిద్యాలయం వదిలి ఎకనమిక్ టైమ్స్ పత్రికలో చేరారు. స్థిరమైన ప్రొఫెసరు ఉద్యోగం వదిలి పత్రికలోకి పోవడం మనలాంటి పెన్షను మనుషులకు సాహసంగానే తోస్తుంది. కానీ ఆయన వెళ్లిన సమయం అలాంటిది.

మరుసటి ఏడు 1991. ఆ వేసవిలో దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారక ద్రవ్యం మాత్రమే మిగిలింది. బంగారం విదేశాలకు తరలించి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. జూన్ 21న మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. జూలై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. 4న వాణిజ్య మంత్రి చిదంబరం గారు కొత్త వాణిజ్య విధానం ప్రకటించారు. 24న మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఒక్క నెలలో ఇన్ని జరిగాయి. ఆ రోజుల్లో నేను భద్రాచలంలోనే పనిచేస్తున్నాను. పేపరు మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. ఆఫీసులో అందరం చుట్టూ చేరి చదివేవాళ్లం. నిజం చెబుతున్నాను, మేము వెతికింది ఒకటే, డి.ఏ. ఆపేస్తారా అని. మిగతా పేజీ టిఫిన్ బాక్సు కిందికి పోయింది.

ఆ మిగతా పేజీలో ఉన్నదే విదేశీ వాణిజ్య విధానం. పేరు పెద్దది గానీ విషయం చిన్నదే. ఏ సరుకు దేశంలోకి రావచ్చు, ఎంత రావచ్చు, దాని మీద ఎంత సుంకం కట్టాలి, ఏ సరుకు బయటికి పోవచ్చు. అంతే. మనకు అలవాటైన మాటలో చెప్పాలంటే చెక్‌పోస్టు. అటవీ శాఖ చెక్‌పోస్టులో గేటు ఎత్తడం, దించడం చూస్తూ పెరిగినవాళ్లం మనం. దేశానికి కూడా అలాంటి గేటు ఒకటి ఉంటుంది. 1991కి ముందు ఆ గేటు దగ్గర లైసెన్సు చూపాలి, కోటా ఉండాలి. ఆ తరువాత క్రమక్రమంగా లైసెన్సులు పోయి, సుంకమే ముఖ్యమైంది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. పరిమాణ పరంగా దిగుమతుల మీద ఉన్న ఆంక్షలను మన ప్రభుత్వం 2000 ఏప్రిల్ 1న 714 వస్తువులకు, 2001 ఏప్రిల్ 1న మరో 715 వస్తువులకు తొలగించింది. అప్పటి నుంచి గేటు ఎంత ఎత్తున ఉందనేది ఎక్కువగా సుంకం శాతం మీదే ఆధారపడింది.

శ్రీ సంజయ బారు వృత్తి జీవితం ఈ మార్పుల వెంటే నడిచింది. ఎకనమిక్ టైమ్స్, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికల తరువాత ఢిల్లీలో వాణిజ్య విధానాన్ని అధ్యయనం చేసే పరిశోధనా సంస్థల్లో పనిచేశారు. 2000 నుంచి 2004 దాకా ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్ పత్రికకు ప్రధాన సంపాదకులు. 2001లో దోహాలో, 2003లో కాంకూన్‌లో ప్రపంచ దేశాల వాణిజ్య మంత్రులు సమావేశమై రైతు సబ్సిడీల గురించి, సుంకాల గురించి వాదులాడుకున్నది ఆ కాలంలోనే. ఒక దేశానికి పరపతి సైన్యం ఒక్కదానితో రాదని, ఆర్థిక బలంతో వస్తుందని, వ్యాపారం కూడా ఇరుగుపొరుగు దేశాలతో కట్టుకునే బంధుత్వమేనని ఆయన రచనల్లో పదే పదే కనిపించే వాదం. 2006లో వచ్చిన ఆయన వ్యాస సంపుటి సారాంశం కూడా అదే. 1991 సంవత్సరంలో పి.వి. గారు చేసిన పని గురించి 2016లో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు.

ఇంకొక తెలుగు పేరు కూడా చెప్పకపోతే లోటు అవుతుంది. శ్రీ సి. రామ్మనోహర్ రెడ్డి. ది హిందూ పత్రికలో ఆర్థిక విషయాలు రాస్తూ, ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవహారాలను పాఠకులకు విప్పిచెప్పినవారు. 2004 నుంచి 2016 దాకా ముంబై నుంచి వెలువడే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి సంపాదకులు. ఇద్దరూ ఒకే మాట రాసేవారు కారు. గేటు ఎత్తితే వచ్చే లాభం ఒకరి వ్యాసంలో ఎక్కువగా కనిపిస్తే, ఎత్తే ముందు చూసుకోవలసిన ప్రమాదం మరొకరి వ్యాసంలో కనిపించేది. పాఠకుడికి ఇద్దరూ కావాలి. ఫైలు మీద ఒక్క గుమాస్తా నోట్ చూసి సంతకం పెట్టే అధికారి ఎప్పటికైనా ఇరుక్కుంటాడని మనకు తెలియనిది కాదు.

ఇక మా ఇంటి సంగతి. ఇది చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి మా ఆవిడను అడిగాను. "చెప్పండి, పదిహేడేళ్లయింది, ఇంకా ఎన్నాళ్లు మోస్తారు?" అంది.

మా అమ్మాయిని దమ్మపేట వైపు అడవి అంచున ఉన్న ఒక ఊరికి ఇచ్చాం. అల్లుడు వ్యవసాయదారుడు, నెమ్మదస్తుడు. 2003లో అయిదెకరాల్లో పామాయిల్ తోట వేద్దామనుకుని, నా దగ్గరికి వచ్చి, "మామయ్యా, మీరు రోజూ పేపరు చదువుతారు గదా, వేయమంటారా?" అని అడిగాడు. పేపరు చదువుతానన్న మాట నాకు బాగా నచ్చింది. "నిరభ్యంతరంగా వెయ్యి. దేశానికి వంట నూనె చాలడం లేదు. గెల కొనడానికి ఫ్యాక్టరీ ఉంది. కొనేవాడికి కరువు లేదు" అని జి.ఓ. ఇచ్చినట్టు చెప్పాను. కొనేవాడు ఉన్నాడన్నది నిజమే. ఎంతకు కొంటాడన్నది నేను ఆలోచించలేదు. ఆనాడు కచ్చా పామాయిల్ మీద దిగుమతి సుంకం 65 శాతం. గేటు బాగా కిందికి దించి ఉంది. దాని చాటునే మన గెలకు ధర వస్తోందన్న సంగతి నాకు తెలియదు.

పామాయిల్ తోట గురించి తెలియనివారికి ఒక్క మాట. ఎకరానికి సుమారు 57 మొక్కలు పడతాయి. నాలుగో ఏట కాపు మొదలై, పాతికేళ్లకు పైగా కాస్తుంది. గెల కోసిన తరువాత ఒక రోజులో ఫ్యాక్టరీకి చేరాలి, లేదంటే నూనె చెడుతుంది. అంటే ధర బాగా లేదని ఇంట్లో నిల్వ పెట్టుకునే పంట కాదు. మిరపకాయలైతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని నాలుగు రోజులు ఎదురు చూడవచ్చు. ఇది ఆ రోజు ధరకు అమ్మవలసిందే. ఆ ధర, కచ్చా నూనె ధరను బట్టి, గెలలో వచ్చే నూనె శాతాన్ని బట్టి నిర్ణయమవుతుంది. కచ్చా నూనె ధర మలేషియా, ఇండోనేషియాలలో ఉన్న ధరను, మన సుంకాన్ని పట్టుకుని నడుస్తుంది.

2008 వచ్చింది. ఆ మార్చిలో ప్రపంచమంతటా వంట నూనెల ధరలు ఆకాశానికి ఎక్కాయి. జనం గగ్గోలు పెట్టారు. మార్చి నెలాఖరున కేంద్రం కచ్చా వంట నూనెల మీద దిగుమతి సుంకం మొత్తం ఎత్తివేసింది. మరునాడు పేపర్లో ఆ వార్త చదివాను. మూడు వరుసలు. చదివి, "ఏమే, నూనె ధర తగ్గుతుందట" అని ఆవిడకు సంతోషంగా చెప్పాను. జూన్‌లో పదవీ విరమణ చేశాను. జీతం పోయి పెన్షను వచ్చేసరికి పామాయిల్ ప్యాకెట్ మీద అయిదు రూపాయలు తగ్గినా పెద్ద సంగతే అనిపించింది. ఇంతలో ప్రపంచ మాంద్యం వచ్చింది. అక్టోబరు నాటికి విదేశీ మార్కెట్లో పామాయిల్ ధర మార్చి ధరలో సగం కన్నా కిందికి పడిపోయింది. గేటేమో పూర్తిగా ఎత్తి ఉంది.

ఆ దీపావళికి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. భోజనాల దగ్గర ఆవిడ గారెలు వడ్డిస్తూ ఉంటే, "ఈ ఏడు పండక్కి నూనె చవక, మొహమాట పడకు, ఇంకో రెండు వేయించుకోండి" అన్నాను. అల్లుడు మాట్లాడలేదు. తింటున్న గారె ఆకు పక్కన పెట్టి, "మామయ్యా, అది నా గెలల ధర" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అప్పుడు తెలిసింది. ఏప్రిల్‌లో నేను చదివి సంతోషించిన ఆ మూడు వరుసలు మా అమ్మాయి ఇంటి వార్త అని. అయిదేళ్ల కిందట సలహా అడిగినవాడికి ఆ రోజైనా ఫోను చేసి, "బాబూ, సుంకం ఎత్తేశారు, జాగ్రత్త" అని చెప్పాలన్న ఆలోచన రాలేదు. చెప్పినంత మాత్రాన ధర నిలబడేది కాదు. కానీ ఆ ధర మీద నమ్మకంతో అతను బోరు కోసం చేసిన అప్పు ఆగేది.

2009 వేసవిలో రెండెకరాల తోట తీసేశారు. వద్దని చెప్పే మొహం నాకు లేదు. పొక్లెయినర్ తెచ్చి నూట పద్నాలుగు చెట్లు ఒక్క రోజులో పడగొట్టారు. అప్పుడప్పుడే నిండు కాపుకు వస్తున్న చెట్లు. నేను గట్టు మీద నిలబడి చూశాను. అల్లుడు లెక్క పెట్టలేదు, నేను లెక్క పెట్టాను. మన వృత్తి అలాంటిది గదా. ఆ నేలలో మొక్కజొన్న వేశారు.

అప్పటి నుంచి వాణిజ్య పేజీ చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఖమ్మం లైబ్రరీకి వెళ్లినప్పుడల్లా ఇంగ్లీషు ఆర్థిక పత్రికలు తిరగేసేవాణ్ణి. 2009 నుంచి 2011 దాకా సంజయ బారు గారు బిజినెస్ స్టాండర్డ్ పత్రికకు సంపాదకులు. ఆయన పేరు చూసి, విఠల్ గారి అబ్బాయి గదా అన్న అభిమానంతో చదివాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక వ్యాసం పూర్తి చేయడానికి రెండు గంటలు పట్టేది. 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో ఆసియాన్ దేశాలతో మన దేశం వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2010 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో పామాయిల్‌ను ప్రత్యేక జాబితాలో పెట్టి, సుంకం గరిష్ఠ పరిమితిని పదేళ్లలో మెట్లు మెట్లుగా తగ్గించుకుంటామని ఒప్పుకున్నారు. బ్యాంకాక్‌లో రాసుకున్న ఆ మెట్లు దమ్మపేట గెల కాటాకు దిగుతాయని అప్పటికి నాకు తెలిసింది.

పత్రిక చదవడంలో ఇంకొక పాఠం కూడా నేర్చుకున్నాను. రాసినవారు ఏ కుర్చీలో కూర్చుని రాస్తున్నారో చూడాలి. సంజయ బారు గారు 2004 మే నుంచి 2008 ఆగస్టు దాకా ప్రధాని మన్మోహన్ సింగ్ గారికి మీడియా సలహాదారు. మళ్లీ పత్రికా సంపాదకులు. 2017లో పరిశ్రమాధిపతుల సంఘమైన ఫిక్కీకి సెక్రటరీ జనరల్. విశ్వవిద్యాలయం, పత్రిక, ప్రభుత్వం, పరిశ్రమ, ఈ నాలుగు వైపుల నుంచీ గేటును చూసిన తెలుగువారు అరుదు. అది ఆయన రాతకు బలం. ఒక్కో కుర్చీ నుంచి ఒక్కో సంగతి బాగా కనిపిస్తుంది, మరొకటి కనిపించదు. ఇది నింద కాదు. కలెక్టరాఫీసులో ఉన్నప్పుడు మండలాఫీసు ఆలస్యం చేస్తోందని తిట్టాం, మండలానికి బదిలీ కాగానే పైవాళ్లకు మన బాధ తెలియదని తిట్టాం. మనమూ ఆ బాపతే.

అందుకే నేను ఒక రిజిస్టరు తెరిచాను. ఇదిగో, తెచ్చాను. అయిదు గళ్లు. తేదీ, ప్రభుత్వ నిర్ణయం, సుంకం శాతం, ఫ్యాక్టరీలో టన్ను గెలల ధర, మా వీధి కొట్లో పామాయిల్ ప్యాకెట్ ధర. మొదటి పద్దు 2008 ఏప్రిల్ 1, సుంకం సున్నా. 2018 మార్చి పద్దులో కచ్చా పామాయిల్ సుంకం 44 శాతం. 2021 ఆగస్టులో దేశంలో పామాయిల్ సాగు పెంచడానికి 11,040 కోట్ల రూపాయలతో జాతీయ పథకం ప్రకటించారు. 2022 ఫిబ్రవరి నాటికి సెస్సులతో కలిపి సుంకం 5.5 శాతానికి దిగింది. అంటే ఒక చేత్తో మొక్క నాటమంటూ రెండో చేత్తో గేటు ఎత్తారు. ఎందుకంటే అప్పుడు నూనె ధర మండిపోతోంది, కొనేవాళ్లు కోట్ల మంది. ఉక్రెయిన్ యుద్ధం, దాని మీద 2022 ఏప్రిల్ 28 నుంచి కొన్ని వారాల పాటు ఇండోనేషియా పెట్టిన ఎగుమతి నిషేధం కలిసి ఆ వేసవిలో మన దగ్గర టన్ను గెలల ధర ఇరవై వేలు దాటింది. ఏడాది చివరికి బాగా పడిపోయింది. 2024 సెప్టెంబరులో మూల సుంకం 20 శాతం చేశారు. 2025 మే 30న దాన్ని 10కి తగ్గించారు.

ఆ 2022 వేసవిలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మిగిలిన మూడెకరాల మీద మంచి డబ్బు వచ్చింది. అప్పులు తీరాయి. అమ్మాయి కాఫీ ఇస్తూ, "నాన్నా, ఆ రెండెకరాలు కూడా ఉండి ఉంటే..." అని ఆగిపోయింది. అదే వారం మా ఇంట్లో ఆవిడ నూనె ప్యాకెట్ ధర చూసి, బజ్జీలు మానేశాం అని ప్రకటించింది. ఒకే కుటుంబంలో ఒకే వార్త, అక్కడ వెలుగు, ఇక్కడ చీకటి. 2008లో తారుమారుగా ఉంది. కాబట్టి సుంకం తగ్గింది అన్న వార్త మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడగాలి. మంచి ఆర్థిక పాత్రికేయుడు చేసే పని ఆ మూడు ప్రశ్నలు మన చేత అడిగించడం.

ఇది పామాయిల్ ఒక్కదాని సంగతి కాదు. అడవిలో తపసి చెట్టుకు గాటు పెట్టి జిగురు తీసి గిరిజన సహకార సంస్థకు పోసే కోయ సోదరుడి సరుకు కూడా విదేశాలకు పోయేదే. ఖమ్మం యార్డుకు వచ్చే తేజ మిరప కూడా అంతే. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతుల ఆగ్రహం ఎలా కట్టలు తెంచుకుందో మీలో చాలామంది కళ్లారా చూశారు. ఇక మన డి.ఆర్. కూడా ధరల సూచీని బట్టి వచ్చేదే. ఆ సూచీలో వంట నూనె కూడా ఉంటుంది. కనుక పెన్షనరుకు వాణిజ్య పేజీతో సంబంధం లేదనుకోవడం పొరపాటు.

కథ చివరి భాగం చెప్పి ముగిస్తాను. 2024 చివర్లో అల్లుడు మళ్లీ వచ్చాడు. "మామయ్యా, ఆ రెండెకరాల్లో మళ్లీ పామాయిల్ పెడదామనుకుంటున్నాను, ఏమంటారు?" అన్నాడు. ఇరవయ్యొక్కేళ్ల తరువాత మళ్లీ నన్నే అడిగాడు. నాకు గొంతు పట్టేసింది. ఈసారి పెట్టు అనలేదు, వద్దు అనలేదు. ఈ రిజిస్టరు తీసి ముందు పెట్టాను. గేటు ఎన్నిసార్లు ఎత్తారో, ఎన్నిసార్లు దించారో, ప్రతిసారీ గెల ధర ఎటు పోయిందో వేలితో చూపించాను. ఒక మధ్యాహ్నమంతా చూశాడు. "అయితే ఒక ఎకరమే పెడతాను. రెండోది మొక్కజొన్నకే ఉంచుతాను. ఈసారి అప్పు చెయ్యను" అన్నాడు. అలాగే చేశాడు.

2025 మే నెలాఖరున రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. "మామయ్యా, సుంకం పదికి దించారట, రాసుకున్నారా?" అని అడిగాడు. అప్పటికి నేను ఆ వార్త చూడలేదు. "చెప్పు, రాస్తాను" అని కళ్లజోడు వెతుక్కున్నాను. ఆ పద్దు అతను చెప్పగా రాసిందే. ఇప్పుడు ఆ ఎకరంలో మొక్కలు మోకాలు దాటాయి. కాపుకు రావడానికి ఇంకా మూడేళ్లు.

మిత్రులారా, నాదొక మనవి. మనందరికీ ఫైలు చదవడం వచ్చు, రిజిస్టరు రాయడం వచ్చు, తీరిక ఉంది. ఊళ్లో కొడుకులకు, అల్లుళ్లకు ఆ తీరిక లేదు. ప్రతి యూనిట్లో ఒక్కరైనా తమ ప్రాంతపు పంట ఒకటి ఎంచుకుని ఇలాంటి రిజిస్టరు పెట్టండి. మిర్చికి ఒకరు, పత్తికి ఒకరు, తునికాకుకు ఒకరు. సలహా ఇవ్వకండి, నాలాగా ఇరుక్కుంటారు. తేదీ, అంకె రాసి చూపించండి. ఈ రిజిస్టరు నకలు ఒకటి సంఘం కార్యాలయంలో పెడుతున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దండి, ఏమీ అనుకోను.

భోజనాలకు ఆలస్యమైంది. వంటవాళ్లు పూరీలు వేయిస్తున్నట్టున్నారు, వాసన ఇక్కడి దాకా వస్తోంది.